రాజమహేంద్రవర గణితపరంపరలో వర్గ బహుపది: మూలం నుంచి శూన్యం దాకా

వ్యాససంగ్రహం:
వర్గ బహుపదిని కారణాంకాలుగా విడదీసి దాని శూన్యాలను కనుగొనడం నేడు ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలిసిన పద్ధతి. 11వ శతాబ్దంలో వేంగీ చాళుక్యుల రాజధాని రాజమహేంద్రవరంతో సంబంధమున్న పావులూరి మల్లన సారసంగ్రహగణితం తెలుగులో తొలి గణితకావ్యంగా ప్రసిద్ధి పొందింది. దానికి మూలం మహావీరాచార్యుని గణితసారసంగ్రహం. ఆ మూలగ్రంథంలోని వర్గ సమస్యలను పరిశీలించి, ఈ పరంపర వర్గ సమీకరణాలను సాధించిందనీ, రెండు సమాధానాలు ఉంటాయని గుర్తించిందనీ, అయినా కారణాంక పద్ధతిని అనుసరించలేదనీ నిరూపించడం, అందుకు కారణాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పావులూరి మల్లన, మహావీరాచార్యుడు, రాజమహేంద్రవరం, మూలజాతి, సంక్రమణం, కారణాంక విభజన, శూన్యం.

1. ప్రవేశిక

ప్రాచీన గణితాన్ని గురించి మాట్లాడేటప్పుడు రెండు రకాల అతివ్యాప్తి కనిపిస్తుంది. నేటి పాఠ్యపుస్తకంలో ఉన్నదంతా మన పూర్వులకు ముందే తెలుసునన్నది ఒకటి. పూర్వుల గణితం కేవలం వ్యాపారపు లెక్కలేనన్నది రెండవది. ఈ రెండూ గ్రంథాన్ని తెరవకుండా చేసే తీర్మానాలే. వర్గ బహుపది చరిత్ర ఈ రెండింటినీ సరిదిద్దుతుంది. ఒక సమస్యకు సమాధానం కనుగొనడం వేరు, ఆ సమాధానాన్ని ఏ మార్గంలో కనుగొన్నారన్నది వేరు. ఫలితం ఒకటే అయినంత మాత్రాన పద్ధతి ఒకటే కాదు. ఈ భేదాన్ని పాటించకపోతే గణితచరిత్ర ప్రశంసగానో నిందగానో మిగిలిపోతుంది.

2. రాజమహేంద్రవరానికి చేరిన గణితం

రాజరాజనరేంద్రుడు 1022 నుంచి 1061 వరకు వేంగీ రాజ్యాన్ని పాలించాడు. నన్నయ ఆంధ్రమహాభారత రచనకు పూనుకొన్నది ఆయన ఆస్థానంలోనే. పావులూరి వంశానికి చెందిన మల్లనకు పిఠాపురం సమీపంలోని నవఖండవాడ అనే గ్రామాన్ని ఆ రాజు ఇచ్చినట్లు సారసంగ్రహగణితంలోని అవతారిక పద్యాల వల్ల తెలుస్తోంది. దానం పొందిన మల్లనే గ్రంథకర్త అని కొందరు, ఆయన మనుమడైన మరో మల్లన గ్రంథకర్త అని కొందరు సాహిత్యచరిత్రకారులు భావించారు. మొదటి అభిప్రాయం ప్రకారం గ్రంథకర్త నన్నయకు సమకాలికుడవుతాడు. రెండవ దాని ప్రకారం రచన రెండు తరాల తరువాతిదవుతుంది. ఏ పక్షాన్ని అంగీకరించినా, గోదావరి మండలంలో భూమి పొందిన కుటుంబం నుంచి ఈ గణితం వెలువడిందన్న విషయం మారదు.

మల్లన స్వీకరించిన మూలం కన్నడదేశంలో పుట్టింది. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, 9వ శతాబ్దపు మధ్యభాగంలో, జైనుడైన మహావీరాచార్యుడు గణితసారసంగ్రహాన్ని సంస్కృతంలో రచించాడు. సంజ్ఞ, పరికర్మ, కళాసవర్ణ, ప్రకీర్ణక, త్రైరాశిక, మిశ్రక, క్షేత్ర, ఖాత, ఛాయా వ్యవహారాలుగా ఇందులో తొమ్మిది అధ్యాయాలున్నాయి. జ్యోతిషసిద్ధాంతంలో ఒక భాగంగా కాక, గణితాన్నే ప్రత్యేకశాస్త్రంగా బోధించడం ఈ గ్రంథం విశిష్టత. శైవుడైన మల్లన దీనిని తెలుగుపద్యాలలోకి తెచ్చాడు. మూలంలోని జైనసంబంధమైన ప్రస్తావనలకు బదులు శైవపరమైనవి చేర్చాడు. ఉన్నదాన్ని ఉన్నట్లు అనువదించక, తెలుగు విద్యార్థికి తగినట్లు తగ్గించి, పెంచి రచించాడు.

వర్గసమస్యలు మూలగ్రంథంలోని ప్రకీర్ణకాధ్యాయంలో ఉన్నాయి. ఈ పరంపర వర్గ బహుపదిని ఎలా చూసిందో తెలుసుకోవడానికి ఆ అధ్యాయమే ప్రధానాధారం.

3. మూలజాతి: ఒంటెల లెక్క

ప్రకీర్ణకాధ్యాయంలో మహావీరుడు సమస్యలను జాతులుగా విభజించాడు. భాగజాతి, శేషజాతి, మూలజాతి, శేషమూలజాతి, అంశమూలజాతి, భాగసంవర్గజాతి, అంశవర్గజాతి మొదలైనవి ఆ పేర్లు. ఒక రాశిలోని భాగాన్ని మాత్రమే తీసివేస్తే అది భాగజాతి. రాశి వర్గమూలాన్ని కూడా తీసివేస్తే అది మూలజాతి. చివరికి కంటికి కనిపించేటట్లు మిగిలిన సంఖ్యకు ‘దృశ్యం’ అని పేరు.

మూలజాతికి ఒంటెల లెక్క ప్రసిద్ధమైన ఉదాహరణ. ఒక ఒంటెల మందలో నాలుగవ వంతు అడవిలో కనిపించింది. మంద వర్గమూలానికి రెండు రెట్లు కొండమీదికి పోయాయి. మిగిలిన 15 ఒంటెలు నది ఒడ్డున ఉన్నాయి. మొత్తం ఎన్ని?

మహావీరుని సూత్రాన్ని అనుసరించి లెక్క ఇలా సాగుతుంది. ఒకటిలోంచి నాలుగవ వంతు తీసివేస్తే 3/4. మూలానికి ఉన్న గుణకం 2లో సగం 1. దానిని 3/4తో భాగిస్తే 4/3. దృశ్యమైన 15ను 3/4తో భాగిస్తే 20. 4/3 వర్గం 16/9. దీనిని 20కి కలిపితే 196/9. దాని వర్గమూలం 14/3. దీనికి 4/3 కలిపితే 6. దాని వర్గం 36. కాబట్టి మందలో ఉన్నవి 36 ఒంటెలు. అడవిలో 9, కొండమీద 12, నది ఒడ్డున 15, లెక్క సరిపోయింది.

ఇదే సమస్యను నేటి తరగతి గదిలో వేరుగా సాధిస్తారు. రాశి వర్గమూలాన్ని ‘మ’ అనుకొంటే రాశి మ². సమస్యను సరళం చేస్తే 3మ² − 8మ − 60 అనే వర్గ బహుపది వస్తుంది. మొదటి గుణకాన్ని స్థిరపదంతో గుణిస్తే −180. లబ్ధం −180, మొత్తం −8 అయ్యే రెండు సంఖ్యలు −18, 10. మధ్యపదాన్ని అలా విడదీస్తే 3మ² − 18మ + 10మ − 60, అంటే 3మ(మ − 6) + 10(మ − 6), అంటే (3మ + 10)(మ − 6). శూన్యాలు 6, −10/3. వర్గమూలం రుణసంఖ్య కాదు కనుక రెండవది వదిలివేయాలి. మంద 36.

రెండు మార్గాలూ 36 వద్దకే చేరాయి. కాని మహావీరుని మార్గంలో −10/3 ఎక్కడా తలెత్తదు. 14/3 అనే వర్గమూలాన్ని కలపడమే తప్ప తీసివేయడం అక్కడ లేదు. నేటి పద్ధతి ముందు రెండు శూన్యాలను చూపి, తరువాత ఒకదానిని పరిహరిస్తుంది. ప్రాచీన సూత్రం పనికిరానిదాన్ని పుట్టనివ్వదు.

4. రెండు సమాధానాలు: గేదెలు, నెమళ్లు

అయితే మహావీరుడు ఎల్లప్పుడూ ఒకే సమాధానంతో తృప్తిపడ్డాడని అనుకోరాదు. ధనసంఖ్యకు వర్గమూలాలు ధనంగానూ రుణంగానూ ఉంటాయని సంజ్ఞాధ్యాయంలోనే ఆయన చెప్పాడు. రుణసంఖ్య స్వభావరీత్యా వర్గం కాదు కనుక దానికి వర్గమూలం లేదని కూడా అక్కడే పేర్కొన్నాడు. మూలజాతిలో ఒకే సమాధానానికి పరిమితమైనవాడు భాగసంవర్గ, అంశవర్గ జాతులలో వర్గమూలాన్ని కలపడమూ తీసివేయడమూ రెండూ చెప్పాడు.

అంశవర్గజాతిలోని గేదెల లెక్క ఇందుకు చక్కని సాక్ష్యం. మందలో ఎనిమిదవ వంతులోంచి ఒకటి తగ్గించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే ఎన్నో, అన్ని గేదెలు అడవిలో ఆడుకొంటున్నాయి. మిగిలిన 15 కొండమీద మేస్తున్నాయి. మంద ఎంత?

మందను ‘య’ అనుకొంటే ఇది య² − 80య + 1024 అనే బహుపది శూన్యాలను అడుగుతున్నట్లే. 80లో సగం 40. దాని వర్గం 1600. అందులోంచి 1024 పోతే 576. వర్గమూలం 24. 40కి 24 కలిపితే 64, తీసివేస్తే 16. మందలో 64 ఉంటే అడవిలో 49, కొండమీద 15. మందలో 16 ఉంటే అడవిలో 1, కొండమీద 15. రెండూ సమస్యకు సరిపోతాయి. సమస్య ఒకటే, మందలు రెండు. దేనినీ తోసిపుచ్చడానికి కారణం లేదు.

నెమళ్ల లెక్క మరోవైపు చూపిస్తుంది. నెమళ్లలో పదహారవ వంతును దానితోనే గుణిస్తే వచ్చినన్ని మామిడిచెట్టు మీద ఉన్నాయి. మిగిలిన పదిహేను పదహారవ వంతులలో తొమ్మిదవ భాగాన్ని దానితోనే గుణిస్తే వచ్చినన్నీ, మరో 14 కలిసి తమాలవృక్షం మీద ఉన్నాయి. సరళం చేస్తే 17య² − 1152య + 16128 వస్తుంది. దీని కారణాంకాలు (య − 48)(17య − 336). శూన్యాలు 48, 336/17. నెమళ్లు పూర్ణసంఖ్యలోనే ఉండాలి కనుక 48 ఒక్కటే నిలుస్తుంది. మామిడిచెట్టు మీద 9, తమాలవృక్షం మీద 25, 14.

సుమారు మూడు శతాబ్దాల తరువాత, 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు బీజగణితంలో ఇదే చర్చను మరింత స్పష్టంగా చేశాడు. కోతుల గుంపులో ఎనిమిదవ వంతు వర్గం అడవిలో, 12 కొండమీద ఉన్న లెక్కకు 48, 16 రెండింటినీ అంగీకరించాడు. అయిదవ వంతులోంచి మూడు తగ్గించి వర్గం చేసే మరో కోతుల లెక్కకు 50, 5 అనే రెండు సమాధానాలు వస్తాయి. అయిదింటిలో అయిదవ వంతు ఒకటి. అందులోంచి మూడు తీసివేస్తే రుణసంఖ్య. రుణసంఖ్యలో ఉన్న కోతులను లోకం నమ్మదు కనుక 5ను ఆయన అంగీకరించలేదు. సమీకరణం ఇచ్చేది రెండు విలువలు, లోకం స్వీకరించేది ఒకటి లేదా రెండు. ఈ వివేచన ఈ పరంపరకు సహజమైనది.

5. సంక్రమణం: కారణాంకాలకు అతి సమీపమైన మెట్టు

నేటి విద్యార్థి య² − 80య + 1024ను విడదీసేటప్పుడు మొత్తం 80, లబ్ధం 1024 అయ్యే రెండు సంఖ్యలను వెదుకుతాడు. 16, 64 దొరుకుతాయి. మొత్తమూ లబ్ధమూ తెలిసినప్పుడు సంఖ్యలను కనుగొనడమే కారణాంక విభజనకు ప్రాణం.

ఈ పనికి కావలసిన ఉపకరణం ప్రాచీనుల వద్ద ఉంది. రెండు సంఖ్యల మొత్తమూ భేదమూ తెలిస్తే, వాటిని కలిపి సగం చేస్తే ఒకటి, తీసివేసి సగం చేస్తే మరొకటి వస్తుంది. దీనికి సంక్రమణమని పేరు. బ్రహ్మగుప్తుడు 628లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో దీనిని చెప్పాడు. మహావీరుడు మిశ్రకాధ్యాయపు ఆరంభంలోనే దీనిని ఇచ్చాడు. భేదం తెలియక లబ్ధం తెలిసినప్పుడు, మొత్తం వర్గంలోంచి నాలుగు రెట్ల లబ్ధాన్ని తీసి మూలం కనుగొంటే భేదం వస్తుంది. 6400లోంచి 4096 తీసివేస్తే 2304. మూలం 48. 80, 48 లకు సంక్రమణం చేస్తే 64, 16. ఇక్కడ వెదకడం లేదు, ఊహించడం లేదు. సూత్రం ప్రకారం నడిస్తే చాలు.

సంఖ్యలను కారణాంకాలుగా చూసే అలవాటు కూడా వారికి కొత్త కాదు. పరికర్మాధ్యాయంలోని గుణకారం లెక్కలలో మహావీరుడు హారాలవంటి లబ్ధాలను కోరి కూర్చాడు. 139ని 109తో గుణిస్తే 15151. 152207ను 73తో గుణిస్తే 11111111. 142857143ను 7తో గుణిస్తే 1000000001. కావలసిన లబ్ధాన్ని ముందుగా మనసులో పెట్టుకొని, దానిని విడదీసి చూసినవాడే ఇటువంటి లెక్కను తయారు చేయగలడు. ఇలా అంకెలు అందంగా అమరే ఉదాహరణలను మల్లన తన తెలుగు పరికర్మలో మరికొన్ని చేర్చాడు. అంటే సంఖ్యల కారణాంకాలు రాజమహేంద్రవర పరంపరకు తెలుసు. తెలియని రాశితో కూడిన పదసముదాయాన్ని అలా విడదీయవచ్చునన్న ఆలోచన మాత్రం అక్కడ లేదు.

6. కారణాంక పద్ధతి ఎందుకు రాలేదు?

ఇందుకు మూడు కారణాలను గుర్తించవచ్చు.

మొదటిది సమీకరణ స్వరూపం. నేటి పద్ధతిలో అన్ని పదాలనూ ఒకవైపు చేర్చి, రెండవవైపు శూన్యాన్ని ఉంచుతారు. బ్రహ్మగుప్తునికి వ్యాఖ్యానం రాసిన 9వ శతాబ్దపు పృథూదకస్వామి ఇలా చేయలేదు. 10య − 8 అనేది య² + 1కి సమానమైన సమస్యలో ఆయన రెండు పక్షాలను ఒకదాని కింద మరొకటి రాశాడు. లేని పదానికి బదులు సున్న ఉంచాడు. తరువాత సమశోధనం చేసి, తెలియని పదాలను ఒకవైపుకూ తెలిసిన సంఖ్యను మరోవైపుకూ చేర్చాడు. సున్న ఒక పదానికి గుణకంగా కనిపించింది కాని, ఒక పక్షమంతా సున్న అయ్యే సందర్భం రాలేదు. మహావీరుని జాతులలో పద్ధతి వేరైనా స్థితి ఇదే. ఎల్లప్పుడూ ఒక దృశ్యం మిగలాలి. మిగిలిన ఒంటెలు, గేదెలు, నెమళ్లు లేకపోతే సమస్యే లేదు. ఏమీ మిగలని లెక్కకు కథ లేదు.

రెండవది శూన్యాన్ని గురించిన నియమం. ఏ సంఖ్యనైనా శూన్యంతో గుణిస్తే శూన్యమని మహావీరుడు సంజ్ఞాధ్యాయంలో చెప్పాడు. శూన్యంతో భాగిస్తే సంఖ్య మారదని కూడా చెప్పాడు. ఈ రెండవ మాట నేడు అంగీకారయోగ్యం కాదు. అయితే కారణాంక పద్ధతికి ఆధారమైనది మొదటి నియమం కాదు, దాని విపర్యయం. లబ్ధం శూన్యమైతే గుణించిన రాశులలో కనీసం ఒకటి శూన్యం కావలసిందే అన్నది ఆ విపర్యయం. (య − 16)(య − 64) శూన్యమైతే య విలువ 16 గానీ 64 గానీ అవుతుందని చెప్పడానికి ఇదే ఆధారం. సంజ్ఞాధ్యాయం శూన్యంతో ఏమి చేస్తే ఏమి వస్తుందో చెప్పింది. శూన్యం వచ్చినప్పుడు అది ఎక్కడినుంచి వచ్చిందని అడగలేదు.

మూడవది బోధనా విధానం. పద్యంలో కూర్చిన సూత్రం కంఠస్థం కావాలి, ప్రతి లెక్కకూ వర్తించాలి. నెమళ్ల లెక్కను మధ్యపదం విడదీసి సాధించాలంటే 17, 16128 లను గుణించి 274176 తెచ్చి, మొత్తం 1152 అయ్యేటట్లు దానిని 816, 336గా విడదీయాలి. ఇది తెలివిని బట్టి, అదృష్టాన్ని బట్టి దొరికేది. శూన్యాలు కరణీయసంఖ్యలైతే ఎంత వెదికినా దొరకవు. సూత్రానికి ఆ ఇబ్బంది లేదు. శ్రీధరాచార్యుని పేర వినవచ్చే వర్గపూరణ సూత్రాన్ని భాస్కరుడు ప్రత్యేకంగా ఉదాహరించడంలోని ఆంతర్యం ఇదే. అన్నింటికీ పనిచేసే సాధనం చేతిలో ఉన్నవారికి కొన్నింటికే పనిచేసే సాధనాన్ని వెదకవలసిన అవసరం కలగలేదు.

ఈ పరిమితి భారతీయులకు మాత్రమే చెందినది కాదు. మహావీరునికి కొద్దికాలం ముందు బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ వర్గ సమీకరణాలను ఆరు రకాలుగా విభజించాడు. అక్కడ కూడా రెండు పక్షాలలోనూ ధనరాశులే ఉంటాయి. వర్గానికి 21 కలిపితే పది మూలాలకు సమానమయ్యే లెక్కకు 3, 7 అనే రెండు సమాధానాలు ఆయనకు తెలుసు. కారణాంకాల మార్గం ఆయన కూడా తొక్కలేదు. సమీకరణాన్ని ద్విపదుల లబ్ధంగా నిర్మించి చూపినది ఆంగ్ల గణితజ్ఞుడు థామస్ హారియట్. ఆయన గ్రంథం మరణానంతరం 1631లో వెలువడింది. 1637లో దెకార్తె రేఖాగణితగ్రంథం ఆ దృష్టిని ఐరోపా అంతటా వ్యాపింపజేసింది. అప్పటినుంచే సమీకరణమంటే సమాధానాన్ని దాచిన కథ కాక, కారణాంకాలతో కూడిన నిర్మాణమయింది.

7. గోదావరి తీరాన రెండు పరంపరల కలయిక

ఈ కొత్త బీజగణితం గోదావరి ప్రాంతానికి ఆంగ్లవిద్యతో వచ్చింది. 1853లో పాఠశాలగా ఆరంభమై 1873లో కళాశాలగా మారిన రాజమహేంద్రవరం ప్రభుత్వ విద్యాసంస్థ ఆ విద్యకు ఈ ప్రాంతంలో ముఖ్యకేంద్రం. మల్లన గ్రంథానికి మూలమైన గణితసారసంగ్రహం రంగాచార్యుల ఆంగ్లానువాదంతో మద్రాసులో అచ్చయినది 1912లో. అంటే రాజమహేంద్రవరంలో కళాశాల ఏర్పడిన 39 ఏళ్ల తరువాత గాని, ఆ నగరచరిత్రతో ముడిపడిన గణితానికి మూలం ఆధునిక పాఠకులకు అచ్చులో అందుబాటులోకి రాలేదు. రెండు బీజగణితాలు ఒకే ఊరిలో ఉండి కూడా ఒకదానినొకటి పలకరించుకోలేదు.

అవి కలుసుకొన్నది పరిభాషలో. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి ఉన్నతవిద్యకు తెలుగు పాఠ్యగ్రంథాలను సిద్ధం చేయడంతో గణితపరిభాష స్థిరపడింది. బహుపది, గుణకం, వర్గమూలం, లబ్ధం వంటి మాటలు సంస్కృతపదసంపద నుంచి వచ్చినవే. వీటిలో రెండు పదాల ప్రయాణం గమనింపదగినది. మహావీరునికి ‘మూలం’ అంటే వర్గమూలం. నేటి తెలుగులో సమీకరణాన్ని తృప్తిపరచే విలువ కూడా మూలమే. అందువల్ల మూలజాతి అనే పేరు నేటి విద్యార్థికి సమీకరణ మూలాల జాతిగా వినిపించే ప్రమాదముంది. మహావీరునికి ‘శూన్యం’ ఒక సంఖ్య. నేటి పాఠ్యపుస్తకంలో బహుపదిని సున్న చేసే విలువ ‘శూన్యం’. 16, 64 లను గేదెల బహుపదికి శూన్యాలంటే మల్లన కాలపు పాఠకుడు విస్తుపోయేవాడు. అతనికి అవి నిండు మందలు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. రాజమహేంద్రవరానికి చేరిన గణితపరంపర వర్గసమస్యలను నిర్దుష్టంగా సాధించింది. రెండు విలువలు రావచ్చునని గ్రహించింది. వాటిలో ఏది స్వీకరించదగినదో సందర్భాన్ని బట్టి నిర్ణయించింది. సంఖ్యల కారణాంకాలు, సంక్రమణం, శూన్యగుణనం అనే మూడు ఉపకరణాలూ దాని చేతిలో ఉన్నాయి. కారణాంక పద్ధతికి అవసరమైన నాలుగవది, అంటే శూన్యమైన లబ్ధాన్ని వెనుకకు చదివే దృష్టి, దానికి లేదు. కనుక పావులూరి గణితపరంపరలో కారణాంక పద్ధతి ఉందనడం చారిత్రకం కాదు. వర్గ బహుపది శూన్యాలను కనుగొనడం ఆ పరంపరకు తెలియదనడం అంతకన్నా చారిత్రకం కాదు.

బోధనలోనూ దీనివల్ల ప్రయోజనముంది. మధ్యపదాన్ని విడదీసి రెండు విలువలు రాసి ముగించే విద్యార్థి వాటి అర్థాన్ని అడగడు. గేదెల లెక్కలో రెండూ నిలుస్తాయి, నెమళ్ల లెక్కలో ఒకటి భిన్నమై జారిపోతుంది, ఒంటెల లెక్కలో ఒకటి రుణమై తొలగిపోతుంది. ఈ మూడు సమస్యలను పదవ తరగతిలో కారణాంక పద్ధతితోపాటు ఉంచితే, శూన్యాన్ని కనుగొనడానికీ సమాధానాన్ని నిర్ణయించడానికీ ఉన్న భేదం విద్యార్థికి తానుగా తెలుస్తుంది. పన్నెండు వందల ఏళ్ల నాటి లెక్కలు నేటి తరగతి గదికి ఇవ్వగలిగినది ఈ భేదజ్ఞానమే.